ఎడమ చెయ్యి

సంతకం ఎక్కడ పెట్టాలో చూపించారు, సంతోషం. దేనికి పెడుతున్నానో కూడా చూపించాలి కదా సార్. వేలేమో అడుగున గీత మీద పెట్టారు, అరచేత్తో పైనున్న రాతంతా కప్పేశారు. ముప్ఫై ఏళ్లుగా చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు ఇస్త్రీ చేస్తున్నదాన్ని నేను. మడత కింద ఏముందో చూడకుండా ఇస్త్రీపెట్టె ఆనించను.

తియ్యండి ఆ చెయ్యి. కళ్లజోడు తెచ్చుకున్నాను. నేనే చదువుకుంటాను.

“సదరు యువతి కదులుచున్న బండి తలుపు వద్ద ఫోను చూచుకొనుచు, నిర్లక్ష్యముగా వేలాడి, పట్టు తప్పి జారిపడినది. ఇందుకు పూర్తి బాధ్యత ఆమెదే. తోటి ప్రయాణికురాలు ఈ విషయము ధ్రువీకరించినది.”

ఆ తోటి ప్రయాణికురాలు నేనేనా? భలేవారే. నేనింకా నోరు విప్పలేదు, అప్పుడే ధ్రువీకరించేశానా? బిడ్డ పుట్టకముందే కుల్ల కుట్టడమంటే ఇదే.

వద్దు సార్, మంచినీళ్లొద్దు. కుర్చీ కూడా వద్దు. రోజుకు రెండు గంటలు మీ రైలు బండిలో నిలబడి, ఎనిమిది గంటలు ఇస్త్రీ బల్ల ముందు నిలబడి, కూర్చుంటే నాకు మాట రాకుండా పోయింది. ఇద్దరు మనుషులకు ఈ గదిలో ఆరు కుర్చీలున్నాయి, గమనించారా? నాలుగు ఖాళీ. వాటిని చూస్తుంటేనే నాకు కడుపు మండుతోంది.

ఇదేంటి, ఇక్కడ ఇంకో సంతకం ఉంది? కోడి గీకినట్టుంది.

పిచ్చుకదా?

ఎడమ చేత్తో పెట్టిందా. అవున్లే, కుడిచేతికి కట్టుంది కదా.

ఒక్క నిమిషం ఉండండి. ఏం లేదు సార్, కళ్లజోడు తుడుచుకుంటున్నాను.

సరే. గుమాస్తా గారూ, మీరు కాసేపు ఆ కలం కింద పెట్టండి బాబూ. ఎప్పుడు రాయాలో నేనే చెప్తాను. గుమ్మం దగ్గర తొంగి చూస్తున్న వాళ్లు కూడా లోపలికి రండి, దీనికి టిక్కెట్టు లేదు. పర్వాలేదు సార్, విననివ్వండి. నలుగురు వింటుంటే నాకు అబద్ధం రాదు. ఇవాళ నాకది అవసరం.

పిచ్చుక అంటే మీ కాగితంలో ఉన్న సదరు యువతే. పేరు మీకు తెలుసు, మాకెప్పుడూ అక్కర్లేకపోయింది. ఏడు నలభై రెండు బండిలో, ఆడవాళ్ల బోగీలో, ఎవరికీ పేర్లుండవు. నర్సమ్మ, టీచరమ్మ, పిచ్చుక. సన్నగా చిన్నగా ఉంటుంది, ఎవరి చంక కింద నుంచైనా దూరిపోతుంది, అందుకని పిచ్చుక. నన్ను మైకమ్మ అంటారు. బండి ఎక్కగానే దేవుడి పాట ఒకటి ఎత్తుకుంటాను, బోగీ ఆ చివరిదాకా వినపడుతుంది. వారంలో రోజుకో పాట. వందమంది వింటుంటే నాకు ఆకలి కూడా వెయ్యదు సార్, ఆ మాట ఒప్పుకోవాలి. దేవుడు గొంతిచ్చాడు, మీరేమో పారిపోలేని శ్రోతల్నిచ్చారు.

నవ్వారు. నవ్వండి, ఇప్పుడే నవ్వుకోండి.

ఈ పలక చూడండి, మీ నేల మీదిది. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటుంది. దీని మీద ఎంతమంది నిలబడతారు? ఇద్దరా? రండి సార్, లేవండి ఒకసారి. రండి, రుజువు కావాలంటారు కదా మీ ఆఫీసులో. గుమాస్తా గారూ, మీరూ రండి. నేను. ఇంకొంచెం ఇటు. ముగ్గురం అయ్యాం కదా? ఇంకో ఇద్దరు పట్టాలి. బొజ్జ లోపలికి పీల్చకండి సార్, ఊపిరి ఆడదు. బండిలో అది మీ ఒక్కరిదీ కాదు, అందరిదీ.

ఇప్పుడు ఒక చెయ్యి పైకెత్తండి. ఎత్తారా? ఇంక దించడానికి చోటుండదు. యాభై నిమిషాలు అలాగే ఉంచాలి. ముక్కు దురదపెట్టిందనుకోండి, పక్కామెను గోకమని అడగాలి. నర్సమ్మ నా ముక్కు ఎన్నిసార్లు గోకిందో. మా ఆయన పోయాక నా మొహం మీద చెయ్యి వేసిన మనిషి ఆవిడ ఒక్కతే.

చూశారా, పది అంకెలు లెక్కపెట్టకముందే వెళ్లి కూర్చున్నారు. తప్పేం లేదు. మీకు కుర్చీ ఉంది.

ఇదివరకు ఇలా ఉండేది కాదు సార్, నా నోటితో నేనే చెప్తున్నాను. పన్నెండు బోగీలుండేవి. అందులో ఆడవాళ్లకు రెండు. కిందటేడు వానలకు ముందు, మరమ్మతని చెప్పి మూడు బోగీలు ఊడదీసుకుపోయారు. అందులో ఒకటి మాది. ఇది తాత్కాలిక ఏర్పాటు అని ప్లాట్‌ఫారం మీద బోర్డు పెట్టారు. ఆ బోర్డుకిప్పుడు తుప్పు పట్టింది. బోగీలు రాలేదు. రెండు బోగీల ఆడవాళ్లం ఒక్కదాంట్లోకి ఎక్కాం. ఎలా ఎక్కామని ఒక్కరైనా వచ్చి చూశారా? మీరు కారులో వస్తారు కదా. అడగలేదు సార్, చెప్తున్నాను. కింద నిలిపి ఉంది, లోపల ముందు సీటు మీద మీ టిఫిను సంచి ఒక్కటే కూర్చుని ఉంది. మా బండిలో మనుషులకు లేని భోగం దానికుంది.

అర్జీలు పెట్టలేదంటారా? మూడు పెట్టాం. మూడోదాని మీద నాలుగొందల పన్నెండు సంతకాలు. ఎలా పెట్టారో తెలుసా? బండిలోనే. కాగితం ఆనించడానికి బల్లెక్కడుంది? ఒకళ్ల వీపు మీద ఆనించి ఇంకొకళ్లు పెట్టారు. మొదటి వీపు నాది. వంద సంతకాలు నా వీపు మీదే అయ్యాయి, ఆ రాత్రంతా అక్కడ కలంతో గీస్తున్నట్టే ఉంది నాకు. జవాబొచ్చింది మీ ఆఫీసు నుంచి. “మీ లేఖ అందినది.” రెండో లైను లేదు.

నాలుగొందల పన్నెండు సంతకాలు మేం పెట్టుకుంటే పలకలేదు. ఇప్పుడు మీకు ఒక్క సంతకం కావాల్సి వచ్చేసరికి ఫ్యాక్టరీకి మనిషిని పంపారు, మా మేస్త్రీ చేత సెలవిప్పించారు, మంచినీళ్లిస్తానంటున్నారు.

లేదు సార్, కోపం కాదు. అంటే, కోపమే. మీ మీద ఒక్కరి మీదే కాదు. చెప్తాను, తొందరపడకండి.

రెండు లైన్లు కలిసే స్టేషనుంది చూడండి, అది మాకు గండం. ఆ పక్క లైను బండి దిగినవాళ్లంతా పరిగెత్తుకుంటూ వచ్చి మా బండి మీద పడతారు. ఇసుక వేస్తే రాలదంటారే, అప్పటికే మా బోగీ అలా ఉంటుంది. దాని మీద ఇంకో వరద. పోయిన చలికాలంలో ఆ తోపులాటలో నర్సమ్మకు పక్కటెముక విరిగింది. ఆసుపత్రికి డ్యూటీకని బయలుదేరిన మనిషి రోగి అయి చేరింది అందులోనే. మీ కాగితాల్లో ఆవిడ ఉందా? ఉండదు. కింద పడలేదు కదా, నిలబడే విరిగింది.

ఆ మర్నాడే నేను గోడ పెట్టాను.

గోడ అంటే గోడే. ఆరుగురం బలమైనవాళ్లం, ఆ స్టేషను రాకముందే తలుపు దగ్గరికి జరుగుతాం. వీపులు ప్లాట్‌ఫారం వైపు, మొహాలు లోపలికి. భుజం భుజం ఆనించి, కడ్డీలు పట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి నిలబడతాం. వెనక నుంచి ఎవరెంత తోసినా కదలం. లోపల ఉన్నవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. ఆ ఆలోచన నాదే, ఎవరెక్కడ నిలబడాలో చెప్పిందీ నేనే, మధ్యలో నిలబడేదీ నేనే. వెనక జనం తిడతారు, మా వీపులకు అలవాటైపోయింది. గోడ కట్టిన రోజు నుంచి మా బోగీలో ఒక్కళ్లకూ దెబ్బ తగల్లేదు, ఆ మాట కూడా ఉంది. దేవుడే ఈ బుద్ధి పుట్టించాడని నేను బోగీలో అందరికీ చెప్పాను. అందరూ అవునన్నారు.

కానీ ఆ స్టేషనులో ఎక్కే మనవాళ్లు కూడా ఉన్నారు కదా? పిచ్చుక ఎక్కేది అక్కడే. వాళ్ల సంగతేంటి?

బాగా అడిగారు. అడగలేదా? అడగాల్సింది.

మన మనిషి వస్తే గోడ తెరుచుకుంటుంది. కానీ మన వీపులు అటున్నాయి, మొహం కనపడదు. కేకేస్తే ఆ గోలలో వినపడదు. అందుకని చెయ్యి. మా భుజాల సందులోంచి చెయ్యి లోపలికి చాపి, తలుపు మధ్యలో నిలువు కడ్డీ ఉంటుంది కదా, దాన్ని పట్టుకుంటారు. ఆ చెయ్యి మా ముక్కు ముందుంటుంది. చూస్తాం. మనవాళ్లదైతే మణికట్టు పట్టుకుని ఒక్క లాగు లాగుతాం.

మనవాళ్లది కాకపోతేనా? దాని దగ్గరికీ వస్తాను.

చేతులు చూసి ఎలా తెలుస్తుందంటారేమో. మీ బండిలో మొహాలు చూసే చోటుందా సార్? ఏడాదిపాటు పక్కనే నిలబడి పాట అందుకున్న టీచరమ్మను బజార్లో చూసి గుర్తుపట్టలేదు నేను. ఆవిడా నన్ను గుర్తుపట్టలేదు. సంచి అందుకోవడానికి చెయ్యి చాపింది, గోళ్లలో సుద్దపొడి. టీచరమ్మా అని అరిచాను. ఆవిడ నా మొహం వైపు చూడలేదు, నా మణికట్టు వైపు చూసి మైకమ్మా అంది. ఇదిగో, ఇది. ఇస్త్రీపెట్టె కొన ఆనిన మచ్చ, మూడు మూలలది. పెళ్లికి ముందు కాలింది. మా బోగీలో నా మొహం ఇదే.

నర్సమ్మ గోళ్లు కండదాకా కత్తిరించి ఉంటాయి. పిచ్చుకది కుడిచేతికి ఉంగరం, స్టీలు చెంచా కాడ వంచి వాళ్ల నాన్న చేసిచ్చాడట. కళ్లద్దాల కొట్లో అద్దాలు అరగదీసే పని దానిది, వేళ్ల గీతల్లో తెల్లటి పొడి ఎప్పుడూ పోదు. ఆ చెయ్యి సందులోంచి రాగానే నేను పట్టుకుని లాగేదాన్ని. ఎన్నిసార్లు లాగానో సార్. గోడ పెట్టిన ఈ నాలుగు నెలలూ, పని ఉన్న ప్రతి రోజూ. లోపలికొచ్చి నా చంక కింద ఇరుక్కుని, పెద్దమ్మా ఇవాళ పాట ఏ చరణందాకా వచ్చింది అని అడిగేది.

అమ్మా నాన్నా ఇద్దరూ దాని జీతం మీదే ఉన్నారు. మీరు రాసిన ఈ కాగితం బయటికొస్తే తలుపు దగ్గర వేలాడినందుకు దాని మీదే కేసు పెడతారు. కొట్టు యజమాని, తప్పు నీదే అయితే మళ్లీ పనిలోకి రాకు అని కబురు పెట్టాడు. అందుకే ఇన్ని మాటలు చెప్తున్నాను. లేకపోతే నాకు మాత్రం ఇస్త్రీ బల్ల లేదా?

పోయిన గురువారం అండి. ముందు బండి రద్దయింది. ఎందుకో చెప్పలేదు. మీ స్పీకరులో ఒకావిడ అంతరాయమునకు చింతిస్తున్నాము అంది. ఎంత చల్లగా చింతిస్తుందో ఆ మహాతల్లి. రెండు బళ్ల జనం, తొమ్మిది బోగీలు. మేం గోడ కట్టేసరికే నాకు కాళ్లు నేలకు సరిగ్గా ఆనలేదు. రెండు లైన్లు కలిసే స్టేషను వచ్చింది. వెనక నుంచి దెబ్బ పడింది, ఆరుగురి వీపుల మీదా ఒకేసారి. నా పక్కనున్నామె అమ్మో అంది. నేను పాట ఎత్తుకున్నాను. పాట వింటే మా వాళ్లు సడలరు, అందుకని ఇంకా గట్టిగా ఎత్తుకున్నాను.

అప్పుడు నా భుజం పక్క నుంచి ఒక చెయ్యి వచ్చి కడ్డీని పట్టుకుంది.

సార్, మీ చెయ్యి ఒకసారి ఆ కుర్చీ చేతి మీద పెట్టండి. ఇలా కాదు, చుట్టూ పట్టుకోండి. గట్టిగా. కుడిది కాదు, ఎడమ చెయ్యి. భయపడకండి, నేను మీ అమ్మ వయసుదాన్ని. నేను విప్పుతాను, మీరు వదలకండి.

చిటికెన వేలితో మొదలుపెట్టాలి. చాలామంది బొటనవేలు పట్టుకుంటారు, అది లొంగదు. చిటికెన వేలికి బలం ఉండదు. ఇదిగో, గోరు కింద నా వేలు దూర్చాను. లేచింది. ఇప్పుడు దాని పక్కది, అది చిటికెన వేలికి తోడబుట్టింది, తోడు పోయాక ఎంతోసేపు నిలవదు. ఇదీ లేచింది. మధ్యవేలు కొంచెం గింజుకుంటుంది. చూశారా, గింజుకుంది. మూడూ పోయాక ఈ రెండూ ఎంత పట్టుకున్నా పట్టు కాదు.

అయిపోయింది. మీరు నిజంగానే పట్టుకున్నారు, నాకు తెలుసు. మీ మొహం చూస్తే తెలిసింది.

పరాయి చెయ్యయితే ఇదే చేస్తాం సార్. ఎవరూ నేర్పలేదు. కొత్త చొక్కా కాలరుకు బిగించిన అట్ట విప్పినట్టు, చిరగకుండా, నెమ్మదిగా. ఎందరి వేళ్లు విప్పానో నాకు లెక్కలేదు. వాళ్లు ప్లాట్‌ఫారం మీదికి వెనక్కి దిగిపోతారు, తిట్టుకుంటారు, తరవాత బండికి వస్తారు. నాకు అందులో పాపం కనపడలేదు. లోపల ఊపిరాడని వాళ్లు కనపడ్డారు.

ఆ రోజు నా ముందుకొచ్చింది ఎడమ చెయ్యి. ఉంగరం లేదు. ఏ గుర్తూ లేదు. ఆ చేతిని నేనెప్పుడూ చూసి ఎరగను. ఎలా చూస్తాను? అందరం కుడిచేత్తో కడ్డీ పట్టుకుంటాం, ఎడమచేత్తో సంచి గుండెలకు హత్తుకుంటాం. ఇన్నాళ్లుగా నా చంక కింద నిలబడ్డ పిల్ల ఎడమ చెయ్యి ఎలా ఉంటుందో నాకు తెలియదు.

బుధవారం సాయంత్రం కొట్లో అద్దం పగిలి దాని కుడి అరచెయ్యి కోసుకుందట. ఆరు కుట్లు. ఉంగరం తీసి అమ్మకిచ్చిందట. సంచి మెడకు తగిలించుకుని, కట్టు కట్టిన చెయ్యి రొమ్ముకు ఆనించుకుని, మిగిలిన చెయ్యి చాపింది. ఫోనెక్కడ చూస్తుంది సార్? ఏ చేత్తో చూస్తుంది? ఫోను సంచి అడుగున ఉందని, ఆసుపత్రిలో ఆ సంచి విప్పి చూసిన నర్సమ్మే చెప్పింది.

పెద్దమ్మా అని పిలిచే ఉంటుంది. నేను పాడుతున్నాను.

ఏ పాట అని అడగండి. దేవుడా నా చెయ్యి విడిచిపెట్టకు అని వేడుకునే పాట. కావాలని ఎంచుకున్నది కాదు, గురువారానికి అదే వస్తుంది. రెండో చరణంలో ఉన్నాను. చిటికెన వేలు లేపాను, పక్కది లేపాను, మధ్యది గింజుకుంది.

అప్పటికి బండి కదల్లేదనుకున్నాను.

కాదు. ఇందాక ఏం చెప్పాను మీకు, నలుగురు వింటుంటే అబద్ధం రాదన్నాను కదా. ముప్ఫై ఏళ్లుగా ఎక్కుతున్న బండి కదిలితే నా కాళ్లకు తెలియదా? తెలిసింది. కదిలాక వేళ్లు విప్పకూడదని కూడా తెలుసు, ఆ నియమం పెట్టిందీ నేనే. కానీ అప్పటికే నాలుగు నెలల నుంచి తోస్తున్నారు, తిడుతున్నారు, వీపులో గుద్దుతున్నారు, ఆ రోజు ఇంకా ఎక్కువ గుద్దారు. నాకు కోపం వచ్చింది. మీ మీద రావాల్సిన కోపం. మీరక్కడ లేరు. ఆ చెయ్యి ఉంది.

మిగతా రెండు వేళ్లు వాటంతటవే జారిపోయాయి.

నేను చరణం పూర్తిచేశాను సార్.

ఆ రోజు రెండొందల కాలర్లు ఇస్త్రీ చేశాను. ఎవత్తో ఇవాళ మొండిగా ఎక్కబోయిందని పక్క బల్ల ఆమెతో కబుర్లు కూడా చెప్పాను. సాయంత్రం బండిలో టీచరమ్మ చెప్పింది, పిచ్చుక ప్లాట్‌ఫారం చివర పడిందని, తుంటి విరిగిందని, బతికిందని. ఎవరు తోశారో పాపిష్ఠివాళ్లు అని నేనే అన్నాను. బోగీ అంతా వినపడేలా అన్నాను. నిన్న ఆసుపత్రికి వెళ్లేదాకా నాకు తెలియదు. కుడిచేతి కట్టు చూశాక తెలిసింది.

దాని కాలికి బరువు కట్టి వేలాడదీశారు. నేను మంచం పక్కన నిలబడ్డాను. ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుంది. అప్పుడు చూశాను సార్ ఆ చేతిని, పగటి వెలుగులో, తీరిగ్గా. చిటికెన వేలి గోరు కింద కమిలి నల్లగా ఉంది.

బొటనవేలితో నా మచ్చ మీద రాస్తోంది. ఈ మూల నుంచి ఆ మూలకు, మళ్లీ ఈ మూలకు. ఏడవలేదు, నవ్వలేదు.

“నేనే జారిపోయాను పెద్దమ్మా. ఆఫీసాయన వస్తే అదే చెప్పి సంతకం పెట్టాను. నువ్వూ అదే చెప్పు. గోడ తీసెయ్యకండి. కాలు బాగయ్యాక నేను మళ్లీ ఆ బండే ఎక్కాలి కదా.”

అర్థమైందా సార్? దాని చెయ్యి నేను గుర్తుపట్టలేదు. నా చెయ్యి అది గుర్తుపట్టింది. పడిపోతూ ఆఖరున చూసింది ఈ మచ్చనే. చూసి కూడా మీ కాగితం మీద ఆ కోడిగీతలు గీసింది. నా మీద ప్రేమా? ఏమో. నా మీద భయమేమో. రేపు నేను లాగకపోతే దానికి ఆ బండి లేదు. మీరు మూడు బోగీలు పట్టుకుపోయి, ఇరవై రెండేళ్ల పిల్ల తన తుంటి విరగ్గొట్టినదాన్నే బతిమాలుకునేలా చేశారు. నేనేమో దేవుడి పేరు చెప్పి ఆ పని కానిచ్చాను.

నిన్నటి నుంచి నాకు పాట రావడం లేదు. ఇవాళ పొద్దున బోగీలో అడిగారు, గొంతు బాగోలేదన్నాను. అది కూడా అబద్ధమే.

ఏంటి గుమాస్తా గారూ, కలం ఎప్పుడు తీశారు? నేను రాయమన్నానా?

ఓహో. సార్ మొహం ఎలా తేటపడిందో చూడండి. ఇందాకటి నుంచి నుదుటి మీదున్న మూడు గీతల్లో రెండు పోయాయి. దొరికింది కదా మీకు? పిచ్చుక కాకపోతే మైకమ్మ. ఎవరో ఒక ఆడది. రైల్వే కాకపోతే చాలు.

రాయండి. తప్పు నాదే, కాదనను. నన్ను పోలీసుల దగ్గరికి పంపిస్తారో, కోర్టుకు పంపిస్తారో మీ ఇష్టం. మా అబ్బాయికి చెప్పే వచ్చాను, ఫ్యాక్టరీలో మేస్త్రీకి చెప్పే వచ్చాను. ఆ పిల్ల పేరు పక్కనున్న నిర్లక్ష్యము అనే మాట నా కళ్ల ముందు కొట్టెయ్యండి. కొట్టేశారా? ఇంకో గీత. ఆ, చాలు.

కానీ నేను చెప్పిన వరసలోనే రాయాలి. పన్నెండు బోగీలు తొమ్మిదయ్యాయని ముందు రాయండి. మూడు అర్జీలిచ్చామని, నాలుగొందల పన్నెండు సంతకాలని రాయండి. నర్సమ్మ పక్కటెముక రాయండి. ఆ రోజు ముందు బండి రద్దయిందని, ఎందుకో చెప్పలేదని రాయండి. అవన్నీ అయ్యాక, అడుగున, నా చెయ్యి. పైవి లేకుండా నాది ఒక్కటే రాస్తే నేను పెట్టను. నాది లేకుండా పైవి రాసినా పెట్టను, అదీ చెప్తున్నాను.

అయిందా? ఇంత త్వరగానా? నేను ఇంతసేపు చెప్పింది అయిదు లైన్లలో పట్టిందా?

అదేంటి సార్, మళ్లీ వేలు గీత మీద పెట్టారు, మళ్లీ అరచెయ్యి పైన కప్పారు. ఎడమ చెయ్యే కప్పారు ఈసారి.

తియ్యండి.

తియ్యరా?

చిటికెన వేలి దగ్గర్నుంచి మొదలుపెట్టమంటారా?